కారు తలుపుకు తాళం ఎందుకొచ్చింది

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీటితో హుజూర్‌నగర్ చుట్టుపక్కల మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలూ వచ్చాయి. పంటల వెంట, ఫ్యాక్టరీల వెంట ఈ ప్రాంతానికి కార్లొచ్చాయి. మొదట్లో కారంటే అంబాసిడరే, 1983 డిసెంబరు తర్వాత మారుతి 800. ఆ బండ్లలో ఏ తలుపు లాకు ఆ తలుపుకే వేసుకోవాలి. ఎక్కినవాళ్లు మరిచిపోతే తలుపు అలాగే ఉండేది.

ఇప్పటి చాలా కార్లు మనం లాకు వేసేదాకా ఆగవు. బండి కదిలి గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగం అందుకోగానే నాలుగు తలుపుల లాకులూ ఒక్కసారిగా టక్కున పడతాయి. చక్రాల వేగం కనిపెట్టే సెన్సరు కబురు పంపుతుంది, తలుపు లోపలున్న చిన్న మోటారు లాకు వేస్తుంది. చాలామంది ఇది దొంగల భయంతో పెట్టిన ఏర్పాటనుకుంటారు. దొంగల భయం ఒక కారణం మాత్రమే. అంతకంటే పాతదీ పెద్దదీ మరొకటుంది.

కరెంటుతో పడే లాకు 1914లోనే అమెరికాలో స్క్రిప్స్-బూత్ అనే ఖరీదైన కారులో కనిపించింది. అప్పుడది శ్రీమంతుల సదుపాయం. 1950ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదాలకు గురైన కార్లను పరిశీలించడంతో సంగతి మారింది. గుద్దుకున్నప్పుడు బాడీ మెలిపడి తలుపులు తెరుచుకుంటున్నాయి, లోపలివాళ్లు రోడ్డు మీదికి ఎగిరిపడుతున్నారు. అలా బయటపడ్డవాళ్లకే ప్రాణాపాయం ఎక్కువని తేలింది. ఫోర్డ్ 1956 మోడళ్లలో గట్టి తలుపు గడియలు పెట్టింది. మెర్సిడెస్‌లో ఇంజనీరు బేలా బరేని రూపొందించిన గడియ 1959లో బజారుకొచ్చింది. 1968 జనవరి నుంచి అమెరికాలో తలుపు లాకులకు ప్రభుత్వ ప్రమాణమే అమల్లోకొచ్చింది. లాకు పడి ఉంటే బయటి హ్యాండిల్ పనిచేయదు, పల్టీలో దానికేదైనా తగిలినా తలుపు తెరుచుకోదు. వేగాన్ని బట్టి తనంతట తాను పడే లాకు ఈ ఆలోచనకు కొనసాగింపే.

కారులోంచి బయటికి పడడమంటే ఏమిటో నల్లగొండ రోడ్లకు బాగా తెలుసు. 2018 ఆగస్టు 29న అన్నెపర్తి దగ్గర నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ నడుపుతున్న కారు పల్టీ కొట్టింది. ఆయన బయటికి ఎగిరిపడి మరణించారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. లాకు ఒక్కటే మనిషిని పట్టి ఉంచలేదు. బెల్టు, లాకు కలిసి చేయవలసిన పని అది.

అయితే ఈ నేలకు కాలువ కూడా ఉంది. 2019 అక్టోబరులో నడిగూడెం మండలం చాకిరాల దగ్గర పెళ్లికి వచ్చి తిరిగి వెళ్తున్నవారి కారు సాగర్ ఎడమ కాలువలో పడి ఆరుగురు చనిపోయారు. నీళ్లలో పడ్డ కారులో లాకు తీసినా తలుపు కదలడం కష్టం, బయటి నీటి ఒత్తిడి అలాంటిది. బండి ఇంకా తేలుతున్న ఆ కొద్ది క్షణాల్లో బెల్టు విప్పుకుని పక్క అద్దం దించాలి. నీళ్లు తగిలి మోటారు ఆగిపోతే అద్దం పగలగొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది గనుక అది విరిగినా ఊడిరాదు.

లోపలివాళ్లను కాపాడేందుకు పుట్టిన లాకు, లోపలివాళ్లు బయటపడేందుకు అడ్డం కాకూడదు. మన ప్రభుత్వం ఈ రెండో సగాన్ని ఆలస్యంగానైనా పట్టించుకుంది. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటిలో సెంట్రల్ లాకును లోపలి నుంచి చేత్తో తీసే వీలు తప్పనిసరి. కొత్త ట్యాక్సీల వెనక తలుపులకు, లోపలి నుంచి తెరవనీయని చైల్డ్ లాకు ఉండకూడదన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ప్రయాణికులను లోపల బంధించేందుకు ఆ లాకును వాడుకోవచ్చన్నదే కారణం. ఎయిర్‌బ్యాగు విచ్చుకోగానే తలుపులు తమంతట తాము అన్‌లాక్ అయ్యే కార్లూ ఉన్నాయి.

ఇన్ని జాగ్రత్తలున్నా ఆగి ఉన్న కారు పిల్లల ప్రాణాలు తీస్తూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు, మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ కారెక్కి, బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. మన ఎండల్లో అద్దాలు మూసిన కారు నిమిషాల్లో కొలిమవుతుంది.

ఇంట్లో కారున్నవాళ్లు ఈ రోజే రెండు పనులు చేయండి. వాకిట్లో నిలిపిన కారుకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా పెట్టండి. ఆ తర్వాత పిల్లల్ని లోపల కూర్చోబెట్టుకుని లాకు చేత్తో ఎలా తీయాలో, హారన్ ఎక్కడుందో చూపించి, వాళ్ల చేతే చేయించండి.