గోపురవాసులకు బాలాలయం



గత మాఘమాసంలో మా ఆలయగోపుర జీర్ణోద్ధరణకు పరంజా కట్టినప్పుడు, మూడవ అంతస్తులో ఒక సుధామూర్తి వెనుకనున్న రంధ్రంలో చిలుకపిల్లలు కనిపించాయి. రంధ్రాలన్నీ పూడ్చి, అంతస్తుల వాకిళ్లకు వల బిగించాలని అప్పటికే నిర్ణయం జరిగి ఉన్నది. మేస్త్రీ క్రిందికి దిగివచ్చి, “పంతులుగారూ, ఏం చేయమంటారు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పూర్వుల ఆచారాన్ని పరిశీలించగా తోచినది ఇక్కడ నివేదిస్తున్నాను.

గృహస్థునికి విహితమైన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తైత్తిరీయారణ్యకం ఈ ఐదింటినీ పేర్కొన్నది. ఇందులో పశుపక్ష్యాదులకు అర్పించేది భిక్ష కాదు, బలి. అనగా వాటికి న్యాయంగా చెందవలసిన భాగం. ఇంటిముంగిట పిడికెడు అన్నంగా ఉన్న ఈ ధర్మం, జనసమ్మర్దం గల నగరంలో ఏ రూపం ధరించింది?

దీనికి ఉత్తమమైన ఉదాహరణ ఘూర్జరదేశంలో లభిస్తుంది. 1411లో సుల్తాన్ అహ్మద్ షా స్థాపించిన అహమ్మదాబాదు నగరంలో ‘పోళ్’ అనబడే ఇరుకైన వాడలున్నాయి. ఆ వాడల కూడళ్లలో ‘చబూత్రో’ అనే పక్షిమండపాలు కనిపిస్తాయి. అరుగుపై ఒక స్తంభం, దాని శిఖరాన చెక్కడపు తోరణాలతో, గోపానసులతో, చిన్న కప్పుతో బహుకోణాకృతి గల మండపం. దారువుతోనో శిలతోనో దేవాలయశిల్పానికి తీసిపోని పనితనం. పిల్లులకు అందనంత ఎత్తులో ధాన్యం, నీరు, నీడ పక్షులకు లభిస్తాయి. క్రింది అరుగు మానవులకు విశ్రాంతిస్థానం. 2017లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచవారసత్వనగరంగా గుర్తించినప్పుడు, బావులతోపాటు ఈ పక్షిమండపాలను కూడా వాడల విశిష్టలక్షణాలలో చేర్చింది.

ఈ భూతదయ ఒక్క మతానికి పరిమితం కాదు. ఇస్తాంబుల్‌లో 18వ శతాబ్దంలో నిర్మించిన అయాజ్మా మసీదు గోడలపై, పిచ్చుకలకోసం సూక్ష్మసౌధాల వంటి గూళ్లను శిల్పులు చెక్కారు.

మన గోపురాల చరిత్ర వేరు. ప్రస్తరం వరకు శిల, ఆపైన ఇటుక, సున్నం, సుధాశిల్పం. ప్రతి అంతస్తుకూ మధ్యలో వాకిలి. స్థపతి వీటిని పక్షుల కోసం ఉద్దేశించలేదు. అయినా చిలుకలు, గోరింకలు, గుడ్లగూబలు, గబ్బిలాలు ఆ సందులను తమ నివాసంగా చేసుకున్నాయి. చెట్టుతొర్రలు కరవైన పట్టణాలలో గోపురమే వాటికి మహావృక్షం.

అయితే వల బిగించాలన్నవారి వాదం కూడా నిరాధారం కాదు. పక్షులు తిన్న రావి, మర్రి పండ్ల విత్తనాలు రెట్టల ద్వారా పగుళ్లలో పడి మొలుస్తాయి. వాటి వేళ్లు ఇటుకకట్టడాన్ని చీలుస్తాయి. పావురాల ఎండురెట్టల ధూళి ఊపిరితిత్తులకు హాని చేయగలదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ముంబయిలో కబూతర్‌ఖానాల మూసివేత వివాదం 2025లో న్యాయస్థానానికి చేరింది. మితం లేని దాక్షిణ్యం కూడా ధర్మాన్ని దాటిపోతుంది.

మరి మార్గమేది? సమాధానం మన ఆగమవిధిలోనే ఉన్నదని నాకు తోచింది. జీర్ణోద్ధరణకు పూర్వం మూలమూర్తి కళలను కుంభంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో నిలిపి ఆరాధిస్తాము. స్వామికి తాత్కాలికనివాసం ఏర్పరచనిదే ఆలయానికి ఉలి తాకించము. అట్టి మనం, ఆయన గోపురంలో ఆశ్రయం పొందిన ప్రాణులను నిరాశ్రయం చేసి కుంభాభిషేకం జరుపుకొనుట ఉచితమా?

పిల్లలు ఎగిరే వరకు ఆ అంతస్తు పని ఆపించాను. ముహూర్తం వెనక్కు జరిగింది. కొందరు పెద్దలకు మనస్తాపం కలిగింది, దానికి నేనే బాధ్యుడను. అనంతరం ఆ రంధ్రాలు పూడ్చారు, వల కట్టారు. నందనవనం మూలలో ఇటుక, సున్నంతో చిన్న విమానాకృతి నిర్మించి, దాని నలువైపులా గూళ్లు విడిచారు.

చిలుకలు ఇంకా రాలేదు. ఒక గోరింకల జంట మాత్రం వచ్చింది. ప్రతిదినం మహానివేదనానంతరం బలిహరణకు వెళ్లినప్పుడు, నేను అటువైపు కూడా ఒకసారి చూస్తున్నాను.

ఇతి శివమ్.