రికార్డులో ఉతికే మనిషి, శిబిరంలో నర్సు: సూసీ కింగ్ టేలర్

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది సైన్యపు ఆస్పత్రుల్లో పనిచేసిన ఆడవాళ్ళ పేర్లు ఇరవై వేలకు పైగా ఆ ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాయి. వాటిని ఓపిగ్గా చదివిన చరిత్రకారిణి జేన్ షుల్ట్జ్ ఒక సంగతి బయటపెట్టింది. నర్సు, మేట్రన్ అన్న హోదాలు చాలామటుకు తెల్ల ఆడవాళ్ళకు దక్కాయి. నల్ల ఆడవాళ్ళని వంటమనుషులుగా, బట్టలుతికేవాళ్ళుగా రాసుకున్నారు. నిజంగా ఎవరు ఏం పని చేశారన్నది వేరే సంగతి. గాయం కడిగిన చెయ్యి తెల్లదైతే అది సేవ, నల్లదైతే చాకిరీ.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని వైద్యురాలిగా ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఈనాటికీ సర్కారు ఆస్పత్రికి వెళ్ళి చూస్తే స్వీపరని జీతం రాయించుకున్న ఆడమనిషి రోగిని లేపి కూచోబెడుతుంది, మంచం మీదే ఒళ్ళు తుడుస్తుంది, రాత్రంతా కాపలా కాస్తుంది. రిజిస్టర్లో మాత్రం ఆమె స్వీపరే. శ్రమ ఒకటి, దానికి పెట్టిన పేరు ఇంకొకటి. ఆ పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో చరిత్ర కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఈ మాటను సూసీ కింగ్ టేలర్ జీవితం ఆధారంగా చర్చించాలని మా ఉద్దేశం. ఆమె నల్ల సైనికుల పటాలంలో మూడేళ్ళ పైచిలుకు నర్సుగా, పంతులమ్మగా పనిచేసింది. సైన్యం ఆమెను ‘లాండ్రెస్’ అని రాసుకుంది. అంటే బట్టలుతికే మనిషి.

సూసీ 1848 ఆగస్టులో జార్జియా రాష్ట్రం లిబర్టీ కౌంటీలో బానిసగా పుట్టింది. అదే 1848లో పుణేలో జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు ఆడపిల్లల బడి తెరిచారు. యాదృచ్ఛికమే. కానీ సావిత్రిబాయి కూడా పంతులమ్మే, ఆమె కూడా రోగుల సేవలోనే పోయింది. 1897లో ప్లేగు రోగులకు చాకిరీ చేస్తూ ఆ ప్లేగుకే బలైంది. ఈ రెండు పోరాటాల మధ్య సంబంధం మనం ఇవాళ కల్పిస్తున్నదేం కాదు. 1873లో ఫూలే తన ‘గులాంగిరి’ని అంకితం చేసింది నీగ్రోల బానిసత్వాన్ని తొలగించడానికి పాటుపడిన అమెరికా ప్రజలకే.

చదువు దగ్గరికి వద్దాం. బానిసలకే కాదు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళకు కూడా అక్షరం నేర్పితే నేరమని జార్జియాలో 1829లోనే చట్టం చేశారు. నేర్పినవాళ్ళు నల్లవాళ్ళయితే జరిమానా, కొరడా దెబ్బలు. మన శూద్రాతిశూద్రులకు చెవిలో సీసం పోయమన్న శాస్త్రాలు గుర్తుకు రాకమానవు. సూసీకి ఏడేళ్ళప్పుడు సవానా పట్నంలో ఉన్న అమ్మమ్మ డాలీ రీడ్ దగ్గరికి పంపారు. ఆ వీధికి అర మైలు దూరంలో వుడ్‌హౌస్ అనే నల్ల వితంతువు ఇంట్లో రహస్యంగా బడి నడిచేది. పాతిక ముప్పై మంది పిల్లలు. పోలీసులకో తెల్లవాళ్ళకో కనపడకుండా పుస్తకాలు కాగితంలో చుట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరుగా లోపలికి పోవడం, మళ్ళీ ఒక్కొక్కరుగా బయటికి రావడం. చుట్టుపక్కలవాళ్ళు ఈ పిల్లలేదో చేతిపని నేర్చుకుంటున్నారని అనుకునేవాళ్ళు. ఇక్కడ కాస్త ఆగాలి. చేతిపని నేర్చుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అక్షరం నేర్చుకుంటేనే అభ్యంతరం. కులవృత్తుల గొప్పదనం గురించి మనకు ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఈ తేడా గమనిస్తే బాగుండును.

ఆ బడి తర్వాత మేరీ బీస్లీ అనే ఇంకో నల్ల పంతులమ్మ దగ్గర 1860 దాకా చదివింది. ఆ తర్వాత కేటీ ఓ కానర్ అనే తెల్లపిల్ల, ఆటల్లో స్నేహితురాలు, తన తండ్రికి తెలీకూడదన్న షరతు మీద నాలుగు నెలలపాటు పాఠాలు చెప్పింది. అలా నేర్చిన చదువుతో సూసీ మొదట చేసిన పని అమ్మమ్మకు పాసులు రాసివ్వడం. రాత్రి గంట కొట్టాక నల్లవాళ్ళు పాసు లేకుండా రోడ్డు మీద కనపడితే పట్టుకునేవాళ్ళు. ఆ పాసు ఒక బానిసపిల్ల రాసింది! అక్షరం ఎవరికి ఎందుకు కావాలో దీనికన్నా ఎక్కువ చెప్పనక్కర్లేదు.

1862 ఏప్రిల్‌లో ఉత్తరాది సైన్యం పులాస్కీ కోటను పట్టుకుంది. సూసీ తన మామయ్య కుటుంబంతో పారిపోయి యూనియన్ యుద్ధనౌక ఎక్కింది. ఈ పిల్లకు చదవడం రాయడం వచ్చంటే నౌక కెప్టెన్ నమ్మలేదు. పెన్సిలిచ్చి పేరు, ఊరు రాయించి చూశాడు. విడుదలైన నల్లవాళ్ళందర్నీ చేర్చిన సెయింట్ సైమన్స్ దీవిలో ఆమెను బడి పెట్టమన్నారు. పుస్తకాలిస్తే పెడతానంది. ఉత్తరాది నుంచి పుస్తకాలొచ్చాయి. పగలు నలభై మంది దాకా పిల్లలు, రాత్రిళ్ళు పని నుంచొచ్చిన పెద్దవాళ్ళు. పంతులమ్మకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు.

అదే ఏడాది అక్టోబర్లో దక్షిణ కరొలైనాలోని బ్యూఫోర్ట్ దగ్గర సాక్స్టన్ శిబిరానికి చేరింది. విముక్తులైన బానిసలతో కట్టిన తొలి పటాలాల్లో ఒకటి అక్కడ తయారవుతోంది. పేరు ‘ఫస్ట్ సౌత్ కరొలైనా వాలంటీర్స్’. తర్వాత 1864లో దానికే 33వ నల్ల పటాలమని నంబరిచ్చారు. కర్నల్ థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ అనే తెల్లాయన, బానిసత్వ వ్యతిరేకి. సూసీ పెళ్ళాడిన ఎడ్వర్డ్ కింగ్ ‘ఇ’ కంపెనీలో సార్జెంటు. సూసీని ఆ కంపెనీలోనే లాండ్రెస్‌గా చేర్చుకున్నారు.

ఒకమాట చెప్పుకోవాలి. మన దగ్గర బట్టలుతకడం ఒక కులానికి అంటగట్టిన పని. అక్కడ కులం లేదు. కానీ సైన్యంలో ఆ హోదా నల్ల ఆడవాళ్ళకు ఎంత సులభంగా అంటుకుందో చూస్తే, కులం లేని చోట కూడా చర్మం రంగు ఆ పని చేసిపెడుతుందని అర్థమవుతుంది.

మరి ఈ ఉతికే మనిషి ఏం చేసింది? ఉతికింది చాలా తక్కువని ఆమే చెప్పుకుంది. తీరిక దొరికినప్పుడల్లా కంపెనీ సిపాయిలకు చదవడం రాయడం నేర్పింది. తుపాకులు విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించడం నేర్చుకుంది. గురి చూసి కొట్టేది కూడా. శిబిరంలో ఒక సిపాయికి మశూచి వస్తే వేరే గుడారంలో పెట్టారు. డాక్టరు, ఒక పనివాడు తప్ప ఎవరూ దగ్గరికి పోలేదు. సూసీ రోజూ వెళ్ళి చూసింది, రాత్రి పడుకోబోయే ముందు కూడా వెళ్ళి చూసి వచ్చేది. టీకా వేయించుకున్నాను కదా, ససాఫ్రస్ చెట్టు వేళ్ళ కషాయం తాగుతున్నాను కదా, నాకేం కాదని ఆమె ధైర్యం. అతను బతకలేదు.

1863 వేసవిలో బ్యూఫోర్ట్ ఆస్పత్రుల్లో గాయపడ్డవాళ్ళు నిండిపోయారు. అక్కడికి వచ్చిన క్లారా బార్టన్‌తో సూసీ పరిచయం అప్పుడే. బార్టన్ తనతో ఎంతో ఆదరంగా ఉండేదని సూసీ రాసింది. బార్టన్ తర్వాత 1881లో అమెరికన్ రెడ్‌క్రాస్ పెట్టింది, ప్రపంచమంతా పేరు మోగింది. సూసీ పేరు సవానాలో కూడా చాలాకాలం ఎవరికీ తెలీదు. ఇద్దరూ అవే వార్డుల్లో తిరిగారు.

ఆమె నర్సు పని ఎట్లాంటిదో చెప్పే ఒక చిన్న ముచ్చట మాకు బాగా నచ్చింది. ఆస్పత్రి తిండి నోటికి ఎక్కని రోగులు ఏదన్నా చేసిపెట్టమని అడిగారు. దగ్గరున్నవి డబ్బా పాలు, తాబేలు గుడ్లు. వాటితో కస్టర్డ్ చేసి పెట్టింది. ఇంకోచోట మోరిస్ దీవిలో వాగ్నర్ కోట దారెంట మనుషుల పుర్రెలు పడి ఉండేవని, అవి మనవాళ్ళవో శత్రువులవో తెలియక పక్కకి జరిపి నడిచేవాళ్ళమని రాస్తుంది. మొదట్లో చూడలేకపోయిందట, తర్వాత అలవాటైందట. గొప్పలేం చెప్పదు.

జీతం సంగతి. నల్ల సిపాయిలకు తెల్ల సిపాయిలతో సమానంగా నెలకు 13 డాలర్లిస్తామని చెప్పి, తీరా 10 డాలర్లని, అందులో 3 డాలర్లు బట్టలకని పట్టుకుని 7 చేతిలో పెట్టబోయారు. ఈ పటాలం ఆ తక్కువ జీతం మాకొద్దంది. పద్దెనిమిది నెలలు జీతం లేకుండానే యుద్ధం చేశారు. చివరికి పూర్తి జీతం, బకాయిలతో సహా ఇవ్వక తప్పలేదు. ఈ ఆత్మగౌరవ పోరాటాన్ని చరిత్రకారులు సిపాయిల ఖాతాలో రాస్తారు, న్యాయమే. కానీ ఆ పద్దెనిమిది నెలలు పిల్లల కడుపులు ఎట్లా నిండాయి? సిపాయిల భార్యలు ఆఫీసర్ల బట్టలుతికి, కేకులూ తీపి రొట్టెలూ చేసి శిబిరంలో అమ్మి ఇల్లు గడిపారు. సమ్మె మగవాళ్ళది, సమ్మె నిధి ఆడవాళ్ళ చేతులది. పోతే సూసీకి బకాయిల ప్రశ్నే లేదు. నాలుగేళ్ళ మూడు నెలల సేవకు తనకు ఒక్క డాలరు కూడా ముట్టలేదని ఆమె రాసింది.

సైన్యం బడిగా మారడమన్నది మనకు తెలిసిన విషయమే. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యం బళ్ళో హెడ్మాస్టరు. మహార్లకు ఊరి బడి తలుపు మూసుకున్న కాలంలో పటాలం బడి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు కూడా 1890లలో మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేయడంతో మూతపడింది. గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద అర్జీ రాశాడు. సైన్యం దయతో బడి పెట్టలేదు, అవసరం కొద్దీ పెట్టింది, అవసరం తీరాక తీసేసింది. సాక్స్టన్ శిబిరంలోని బడినైతే సైన్యం పెట్టనేలేదు, సూసీ తనంతట తనే పెట్టుకుంది.

1866 ఫిబ్రవరిలో పటాలాన్ని రద్దు చేశారు. సూసీ సవానాలో ఇంట్లోనే బడి తెరిచింది. ఇరవై మంది పిల్లలు, నెలకు తలా ఒక డాలరు. ఎడ్వర్డ్ మంచి వడ్రంగి. కానీ నల్లవాడికి పనిచ్చే నాథుడు లేక ఓడల్లో సరుకు దించే పనికి పోయాడు. ఆ సెప్టెంబర్లో చనిపోయాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఈలోగా ‘బీచ్ ఇన్‌స్టిట్యూట్’ అనే ఉచిత బడి వచ్చింది, డాలరు కట్టే పిల్లలు అటు పోయారు. నల్లపిల్లలకు ఉచిత బడి రావడం మంచిదే, నల్ల పంతులమ్మ పొట్ట మీద మాత్రం దెబ్బ పడింది. కొన్నాళ్ళు లిబర్టీ కౌంటీలో, మళ్ళీ 1868 దాకా సవానాలో రాత్రి బడి. చివరికి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషిగా చేరింది. 1872లో భర్త సైనిక సేవకు రావాల్సిన 100 డాలర్లు మాత్రం వచ్చాయి. భర్త సేవకి. ఆమె సేవకి కాదు.

యుద్ధకాలంలో అమెరికాలో నర్సింగ్ బళ్ళు లేనట్టే. 1870లలో అవి మొదలయ్యాక నర్సంటే సర్టిఫికెట్ ఉన్న మనిషి అయ్యింది. మేరీ మహోనీ శిక్షణ పొందిన మొట్టమొదటి నల్ల నర్సుగా 1879లో బోస్టన్లో పట్టా తీసుకుంది. అదే ఏడాది, అదే బోస్టన్లో సూసీ రస్సెల్ టేలర్‌ని రెండో పెళ్ళి చేసుకుంది. ఇళ్ళల్లో పనిచేసి బతికిన ఈ మాజీ నర్సును ఏ నర్సింగ్ బడీ పాఠం చెప్పమని పిలవలేదు. ఆమె మాత్రం తన పని మానలేదు. 1886లో మాజీ సైనికుల కుటుంబాల కోసం పనిచేసే ‘విమెన్స్ రిలీఫ్ కోర్’ 67వ శాఖను కట్టడంలో పాల్గొంది, 1893లో దానికి అధ్యక్షురాలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1892లో, యుద్ధకాలపు నర్సులకు నెలకు 12 డాలర్ల పింఛను ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. షరతు: అధికారులు నర్సుగా నియమించి ఉండాలి, ఆరు నెలల సేవ ఉండాలి. సూసీకి ఆరు నెలలేం ఖర్మ, మూడేళ్ళకు పైగా ఉంది. నియామకమే లేదు. 1862లో ఒక గుమాస్తా కాగితం మీద రాసిన లాండ్రెస్ అన్న మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆమె నోటి ముందు కూడు లాగేసింది. పటాలంలో ఆమె పని కళ్ళారా చూసిన తెల్ల ఆఫీసరు ట్రోబ్రిడ్జ్, సాంకేతిక కారణంతో ఆమెకు పింఛను రాకపోవడం తనకు బాధగా ఉందని, అంత అర్హత ఉన్న మనిషి తనకు మరొకరు తెలీదని 1902లో ఉత్తరం రాశాడు. ఉత్తరం వచ్చింది, పింఛను రాలేదు.

1898లో కొడుకు లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో జబ్బుపడ్డాడని తెలిసి బోస్టన్ నుంచి బయల్దేరింది. సిన్సినాటి దాటాక నల్లవాళ్ళ పెట్టెలోకి మారాల్సి వచ్చింది. రక్తం కక్కుతున్న కొడుకును ఇంటికి తెచ్చుకోవడానికి రైల్లో పడక బెర్తు అడిగితే నల్లవాళ్ళకు అమ్మమన్నారు. అతను అక్కడే చచ్చిపోయాడు. ఈ దేశపు జెండా కోసం తండ్రి యుద్ధం చేస్తే, అదే జెండా కింద కొడుకుకు బెర్తు దొరకలేదని ఆమె నిలదీసింది. ఎందరి ప్రాణాలో నిలబెట్టిన నర్సు తన బిడ్డను పడుకోబెట్టుకోలేకపోయింది.

1902లో ఆమె తన జ్ఞాపకాలను ‘రెమినిసెన్సెస్ ఆఫ్ మై లైఫ్ ఇన్ క్యాంప్’ పేరుతో సొంతంగా అచ్చేయించుకుంది. అంతర్యుద్ధపు సైనిక శిబిరంలో తన అనుభవాల మీద నల్ల స్త్రీ అచ్చేసిన పుస్తకం ఇదొక్కటే. హిగిన్సన్ ముందుమాట రాశాడు. అదే హిగిన్సన్ 1870లో తన పటాలం మీద పెద్ద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. సిపాయిల పాటల్ని సైతం సేకరించి రాసుకున్న మంచి పుస్తకమే. కానీ పటాలం రికార్డూ, కర్నల్ పుస్తకమూ మాత్రమే మనకు మిగిలి ఉంటే మశూచి గుడారంలోకి వెళ్ళిన అమ్మాయి మనకు తెలిసేదే కాదు. మన జానకమ్మలు, ఎల్లమ్మలు తమ సంగతులు తాము చెప్పుకునే దాకా ఆగకుండా, వాళ్ళు బతికుండగానే వెళ్ళి అడిగి రాసుకోవాల్సిన పని దళిత చరిత్ర విద్యార్థుల ముందుంది. ముఖ్యంగా ఆస్పత్రుల్లో ముసలివాళ్ళయిపోయిన ఆయాలను.

నల్ల నర్సులకు సైన్యం తలుపు ఆ తర్వాత కూడా తేలిగ్గా తెరుచుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో కాల్పులు ఆగిపోయాక, 1918 చివర్లో, ఫ్లూ రోగుల కోసం 18 మందిని తీసుకుని కొన్నాళ్ళకే పంపేశారు. 1941లో డెల్లా రేనీకి కమిషన్ ఇచ్చినా కోటా పెట్టి మిగిలినవాళ్ళని ఆపారు. మేబెల్ స్టాపర్స్ నాయకత్వంలో నల్ల నర్సులు పోరాడితే 1945 జనవరిలో ఆ కోటా ఎత్తేశారు.

సూసీ 1912 అక్టోబర్లో బోస్టన్లో చనిపోయింది. మౌంట్ హోప్ శ్మశానంలో ఆమె పేరుతో రాయి 2021 దాకా లేదు. 2023 ఆగస్టులో సవానా నగర మండలి ఒక పార్కుకి ఆమె పేరు పెట్టింది. అంతకుముందు దానికి బానిసత్వం మంచిదని వాదించిన అమెరికా ఉపాధ్యక్షుడు జాన్ కాల్హూన్ పేరుండేది.