పూటకూటింటి వారసత్వం... అంకాపూర్ కోడికూర

హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి, ఇందల్వాయి, డిచ్‌పల్లి దాటితే జక్రాన్‌పల్లి వస్తుంది. పొద్దెక్కాక ఈ దారిన పోయే ప్రతి కారులోనూ ఒకటే చర్చ. తిండి ఎక్కడ? రోడ్డు పొడుగునా పంజాబీ ధాబాలున్నాయి, బిర్యానీ హోటళ్లున్నాయి, ఏసీ గదుల రెస్టారెంట్లున్నాయి. ఈ ప్రాంతం ఎరిగినవాళ్లు మాత్రం ఆ బోర్డుల వంక చూడరు. డిచ్‌పల్లి రాకముందే ఫోన్ తీస్తారు.

"అక్కా, ఒక కోడి చెయ్యాలె. అయిదుగురికి బువ్వ. గంటల వస్తం."

"సరే తమ్మీ. కారం మస్తుగ ఎయ్యాల్నా, జర తక్కువ చెయ్యాల్నా?"

ఆ ఫోను మోగేది అంకాపూర్‌లో. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూర్ మండలంలో, జక్రాన్‌పల్లికి పొరుగున ఉన్న పల్లె అది. అక్కడ మెనూ కార్డు చూసి ఎంచుకునే పని లేదు. మనం చెప్పాకే కోడిని కోస్తారు, మనం చెప్పాకే పొయ్యి వెలిగిస్తారు. నాటుకోడి కూర, తెల్లన్నం, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. అంతే. ఇంటి వంటను పైకానికి వడ్డించే ఈ పద్ధతి నిన్నమొన్నటిది అనుకుంటారు చాలామంది. తెలుగువాళ్లకు ఇది కనీసం అయిదారు వందల ఏళ్ల అలవాటు.

15వ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆకలేసి వాళ్లు వెతుక్కున్నది పూటకూటి ఇల్లు. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యం అన్నం, గోధుమ పిండివంట, పప్పు, నెయ్యి, నాలుగైదు కూరలు ఆ ఇంట్లో దొరుకుతాయని కవి వరసపెట్టి చెప్పాడు. అది నడిపే గృహస్థు ఇంటిపేరుతో సహా చెప్పాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించినప్పుడు, మన పూర్వీకులు ఏం తిన్నారో తేల్చడానికి ఇలాంటి కావ్యాలనే సాక్ష్యంగా నిలబెట్టారు. రాజుల శాసనాల్లో దేవుడి నైవేద్యాల లెక్క దొరుకుతుంది గానీ బాటసారి భోజనం ధర దొరకదు. ఆ ఒక్క రూక లెక్క మనకు మిగిలిందంటే అది కవి పుణ్యమే.

ఆ తరవాత నాలుగు శతాబ్దాలకు, 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ కనిపిస్తుంది. గిరీశం ఆమె ఇంట్లో తిని, ఆమె డబ్బే ఎగ్గొట్టినవాడు. నాటకం చూసేవాళ్లు గిరీశం మాటలకు నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం పూటకూళ్లమ్మే ఆ కాలపు పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. భర్త పోయిన ఆడమనిషికి చదువు లేదు, ఆస్తిలో వాటా లేదు. చేతిలో ఉన్నది వంట ఒక్కటే. దాన్నే బతుకుదెరువు చేసుకుని, తన పొయ్యి మీద తన పాళ్లతో వండి, ఊరికి కొత్తగా వచ్చినవాడికి అన్నం పెట్టింది. తెలుగునాట ఆడవాళ్లు సొంతంగా నడిపిన తొలి వ్యాపారాల్లో ఇదొకటని నా నమ్మకం.

ఆ ఇళ్లకో లోపం ఉంది, అదీ చెప్పుకోవాలి. పూటకూళ్ల ఇళ్లు చాలావరకు బ్రాహ్మణ కుటుంబాలవి. ఎవరు పంక్తిలో కూర్చోవచ్చు, ఎవరు గడప బయటే ఆగాలి అన్నది కులమే తేల్చేది. మాంసాహారం ఊసే లేదు. ఊళ్లలో ఎక్కువమంది ఇష్టంగా తినే కోడికూర అమ్మకానికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

నిజామాబాద్ జిల్లాలో బయట తినే అలవాటు పెరగడానికి నీళ్లు, చెరకు తోడయ్యాయి. 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను బోధన్ వైపు మళ్లించింది. ఆ నీళ్లతో చెరకు, ఆ చెరకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకున్న మిల్లు అది. కాలువ కింద సేద్యానికి కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు తరలివచ్చి వర్ని, రుద్రూర్, కోటగిరి ప్రాంతాల్లో క్యాంపులు వేసుకున్నారు. వాళ్లతో గోంగూర, ఆవకాయ, పులుసులు వచ్చాయి. సరిహద్దు అవతలి నుంచి మరాఠీ వంటలు, పట్నం నుంచి ఇరానీ చాయ్, బిర్యానీ వచ్చాయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందే ఉన్నాయి. ఒక్క తాలూకాలో ఇన్ని రుచులు కలిసిన చోట్లు తెలంగాణలో అరుదు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. గేటు ముందు చాయ్ తాగిన షిఫ్టు కార్మికులు చెదిరిపోయారు. జిల్లా రుచికి కేంద్రం అప్పటికే తూర్పున ఆర్మూర్ వైపు జరిగింది.

ఎందుకు జరిగిందో అంకాపూర్ పొలాలు చూస్తే తెలుస్తుంది. ఈ ఊరు వడ్లనే నమ్ముకుని కూర్చోలేదు. ఎర్రజొన్న, సజ్జ విత్తనాలు పండించి కంపెనీలకు ఇచ్చింది. ఇక్కడి ఎర్రజొన్న విత్తనం ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసం కోసం పోతుంది. పచ్చి మొక్కజొన్న కంకులను లారీలకెత్తింది, పసుపు పండించింది, ఊళ్లోనే కూరగాయల మార్కెట్ నడిపింది. 2014లో ముఖ్యమంత్రిగా కె.చంద్రశేఖర్‌రావు స్వయంగా వచ్చి ఊరిని మెచ్చుకున్నారు. అంకాపూర్ రోడ్డు మీద పోయినవాళ్లకు నిప్పుల మీద కంకులు కాల్చి అమ్మే ఆడవాళ్లు గుర్తుండే ఉంటారు. కోడికూర వ్యాపారానికి దారి వేసింది ఆ కంకుల మార్కెట్టేనని నేననుకుంటాను. విత్తనాల వ్యాపారులు, లారీ డ్రైవర్లు, పంటలు చూసిపోవడానికి పక్క జిల్లాల రైతులు నిత్యం వస్తుంటే వాళ్లకు బువ్వ కావాలి. రోడ్డు పక్కన కూర్చుని సరుకమ్మడం, బేరం తెగ్గొట్టడం, పైసలు లెక్కపెట్టడం ఇక్కడి ఆడవాళ్లకు అప్పటికే తెలుసు. చుట్టం వస్తే కోడి కోసే ఇంట్లో, చుట్టం కానివాడికీ కోసి పెట్టడం పెద్ద మార్పేం కాదు.

ఇక కూర. కోసిన కోడికి ఈకలు పీకి, ఒళ్లంతా పసుపు పట్టించి మంట మీద తిప్పుతూ కాలుస్తారు. సన్న నూగు పోయి తోలు బంగారు రంగుకు వచ్చి, కొవ్వు చిటపటమన్నాక కడిగి, తోలుతోనే ముక్కలు కొడతారు. కూర రుచిలో సగం ఈ కాల్చడంలోనే ఉంది. తోలు తీసేసిన కోడితో ఎంత మసాలా వేసినా ఆ వాసన రాదు. తరవాత ఉల్లిగడ్డలు వేగిన నూనెలో ముక్కలు పడతాయి. అల్లం ఎల్లిగడ్డ ముద్ద, ఉప్పు, చెయ్యి వెనక్కి తియ్యకుండా వేసిన ఎర్ర కారం. ముక్క తన నీళ్లలో తానే ఉడికాక, వేయించి నూరిన కుడుక, ధనియాలు, గసాలు, లవంగం, చెక్క పొడి కలుస్తాయి. నాటుకోడి ముక్క తొందరగా లొంగదు. కట్టెల పొయ్యి మీద మూత పెట్టి, మంట తగ్గించి కాచుకోవాలి. నూనె పైకి తేలి, షేర్వ చిక్కబడ్డాక దింపుతారు. మసాలా పాళ్లు ఇంటింటికీ మారతాయి. ఒక ఇంట్లో గసాలు ముందుంటే ఇంకో ఇంట్లో కుడుక ముందుంటుంది. ఆ తేడా అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి బిడ్డకు చేతి కొలతల్లోనే వచ్చింది, కాగితం మీద రాసింది కాదు. కోడిని అమ్మేది కూడా ప్లేటు లెక్కన కాదు, కోడి లెక్కన. కందనకాయ, కార్జం, మెడ, కాళ్లు, అన్నీ మన గిన్నెలోకే వస్తాయి.

ఈ కూరకు ఇంత పేరు రావడానికి పల్లె బయట జరిగిన మార్పు కూడా కారణం. బండా వాసుదేవరావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాక దేశంలో కోళ్ల పెంపకం రూపమే మారింది. నలభై, నలభై అయిదు రోజుల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్ ప్రతి ఊరికీ చేరింది. మాంసం పేదవాడికి కూడా అందింది. అది చిన్న మేలు కాదు. అయితే పెరట్లో గింజలు ఏరుకుని ఆర్నెల్లు తిరిగిన కోడి అరుదైపోయింది. రోజూ దొరికినప్పుడు పట్టించుకోని రుచి, దొరక్కుండా పోయాక యాభై కిలోమీటర్లు పోయి తినే రుచి అయింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఆర్మూర్ వైపు పిల్లలను అడగండి, ఇంటికి రాగానే ఏం తినాలనిపిస్తుందో చెబుతారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, హైవేల మీదా 'అంకాపూర్ చికెన్' బోర్డులు వెలిశాయి. ఊరి పేరుకు అది గౌరవమే. కానీ పొద్దున్నే ఒక పెద్ద గంగాళంలో వండి సాయంత్రం దాకా వేడి చేసి పెట్టేది అంకాపూర్ కోడికూర కాదని కచ్చితంగా చెబుతాను. ఈ వంటకు ప్రాణం ఆర్డరు వచ్చాకే పొయ్యి వెలిగించడంలో ఉంది. ఇంకో మోసమూ జరుగుతోంది. వనరాజా, గిరిరాజా లాంటి సంకరజాతి కోళ్లు చూడ్డానికి రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటాయి. అవి మంచి కోళ్లే, పల్లె రైతుకు ఆదాయం ఇచ్చేవే. నాటుకోడి పేరు చెప్పి, నాటుకోడి ధరకు అమ్మడమే తప్పు. ముక్క ఇట్టే ఉడికి ఎముక నుంచి జారిపోతుంటే అనుమానించాల్సిందే.

ఓరుగల్లులో మంచనశర్మ పూటకూటి ఇంటిని ఎంచుకున్నది వండే ఇల్లు ఎవరిదో తెలుసుకునే. మనమూ అదే చెయ్యాలి. జక్రాన్‌పల్లి దారిన పోయేవాళ్లు ఈసారి స్టార్ల లెక్క, ఫొటోలు పక్కన పెట్టి, వండే ఆమెతో రెండు మాటలు మాట్లాడండి. కోడి ఎక్కడిది, తోలుతో కాలుస్తారా, కట్టెల పొయ్యా గ్యాసా అని అడగండి. ఇంటి వంట చేసే మనిషి ఈ ప్రశ్నలకు చిరాకుపడదు, సంతోషంగా చెబుతుంది. గంటకు పైనే ముందు ఫోన్ చెయ్యండి, ఎంతమందో సరిగ్గా చెప్పండి. చెప్పాక పోకుండా మానకండి, మీ కోసమే ఒక కోడి తెగింది. ధర దగ్గర బేరమాడకండి.