శ్రీహరికోట యానాదులు, నేల కదలిక చూసే రాడార్

కౌతాళం, ఆదోని చుట్టూ మనం చూసే బండలు కోట్ల ఏళ్లనాటివి. మన జిల్లాలోనే జొన్నగిరి దగ్గరున్న పచ్చరాతి పట్టీ ఒకప్పుడు లావాగా పారిందే. ఇప్పుడు ఇక్కడ నిప్పుకొండ భయం లేదు. కానీ అండమాన్‌లోని బారెన్ ద్వీపం 150 ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ పేలింది. అక్కడ మనుషులుండరు, పరికరాలు పెట్టి కాపలా కాయడం కష్టం. అందుకే ఆకాశం నుంచి చూడాలి.

ఎట్లా చూస్తారు? కొండ కింద శిలాద్రవం చేరితే నేల ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుంగుతుంది. ఉపగ్రహం రాడార్ అలలు పంపి, తిరిగొచ్చిన వాటిని నమోదు చేస్తుంది. కొన్ని రోజులకు అదే దారిన వచ్చి మళ్లీ కొలుస్తుంది. రెండింటి తేడాయే నేల కదలిక. రాత్రయినా, మబ్బు పట్టినా ఇబ్బంది లేదు. 1991లో యూరప్ పంపిన ఈఆర్ఎస్-1 అల పొడవు 5.6 సెంటీమీటర్లు. దాని బొమ్మలో ఒక రంగు వలయం అంటే 2.8 సెంటీమీటర్ల కదలిక. 1995లో ఫ్రాన్స్‌కు చెందిన మాసొనే బృందం ఇటలీలోని ఎట్నా కొండ కుంగడాన్ని ఇట్లాగే చూపించింది.

మన వంతు 2025 జులై 30న వచ్చింది. ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. 12 రోజులకోసారి అదే చోటికి వచ్చి కొలుస్తుంది. దాని 24 సెంటీమీటర్ల పొడవాటి అల చెట్ల ఆకుల్ని దాటి నేలను తాకుతుంది కాబట్టి అడవి కొండలకూ పనికొస్తుంది.

ఇంతవరకూ అందరూ చెప్పే చరిత్రే. చెప్పనిది ఇంకోటుంది. ఆ శ్రీహరికోట యానాదుల అడవి. తేనె తీసి, దుంపలు తవ్వి, బట్టలకు ఎర్ర రంగునిచ్చే చిరివేరు ఏరి బతికిన నేల అది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ ఎగిరింది. అడవిలోని యానాది గూడేలు కదిలిపోయాయి. నేల సెంటీమీటరు జరిగినా ఈరోజు లెక్క ఉంది. ఊళ్లకు ఊళ్లు జరిగిన లెక్క మాత్రం పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

సైన్స్ వద్దని నేననట్లేదు. నైసార్ సమాచారం అందరికీ ఉచితం. భూగోళం, జియాలజీ చదివే మన పిల్లలు దాన్ని తెరిచి చూడండి, నేర్చుకోండి. దాంతోపాటు మీ తాండాలో, గూడెంలో పెద్దల దగ్గర కూర్చుని ఎవరు ఎక్కడి నుంచి కదిలి వచ్చారో రాసిపెట్టండి. ఆ పని ఏ ఉపగ్రహమూ చేయదు, మనమే చేయాలి.