పేషా ఏంటి, షౌక్ ఏంటి? పాతబస్తీ గాలాల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న. సరదాకి గాలం వేసేవాళ్లు పొట్టకూటికి ఏం పని చేస్తారు?

చేపలు పట్టి అమ్ముకునేవాళ్ల గురించి కాదు నేను అడిగేది. వాళ్లకది కులవృత్తి, బతుకుదెరువు. నేనడిగేది వారానికో నెలకో ఒకసారి కర్ర, నైలాన్ దారం, బెండు, ఇంత పిండిముద్ద పట్టుకుని చెరువు గట్టు మీద కూర్చునేవాళ్ల గురించి. చేప పడితే సంతోషం, పడకపోయినా ఇంటికి వెళ్లి అన్నం తింటారు. అలాంటివాళ్లను చూసి మనోళ్లు ఏమంటారు? "పనీపాటా లేనోడు" అంటారు. ఆ మాట తప్పని ఈరోజు చరిత్రలోంచే చూపిస్తాను.

మాది హుస్సేనీ ఆలం. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. పేరు ఎలా వచ్చిందంటే ఇక్కడ ప్రతిష్ఠించిన అలం వల్ల వచ్చింది. మొహర్రంలో ఊరేగించే అలం అన్నమాట. మా దగ్గర కబూతర్ ఖానా ఉంది, అంటే పావురాల ఇల్లు. పావురాలకు గింజలు వేయడం, వాటిని ఎగరేయడం ఇక్కడ పెద్ద షౌక్. అందుకే మా గల్లీల్లో ఒక మనిషిని అంచనా వేయడానికి రెండు మాటలు వాడతారు. ఒకటి పేషా, అంటే వృత్తి. రెండోది షౌక్, అంటే మనసుపడి చేసేది. పేషా చెబితే మనిషి సంపాదన తెలుస్తుంది, షౌక్ చెబితే మనిషి తెలుస్తాడు. గాలం కూడా ఒక షౌకే.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. మన దక్కన్‌లో గాలం గురించి వివరంగా రాసిన తొలి మనుషుల్లో ఒకడి పేషా ఏంటో చెప్పండి చూద్దాం. రాజు! అవును, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు. 12వ శతాబ్దంలో, 1130 ప్రాంతంలో ఆయన పేరు మీద 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం వచ్చింది. అందులో వినోదాల భాగంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దేనికి ఏ ఎర వేయాలి, దారం ఎలా ఉండాలి, అంతా రాశారు. ఆ చాళుక్యుల రాజధాని కల్యాణి, ఇప్పటి బసవకల్యాణ్. ఈరోజు అది కర్ణాటకలో ఉంది కానీ 1956 వరకు మన హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే. 1951లో సుందర్ లాల్ హోరా అనే జంతుశాస్త్రవేత్త ఈ అధ్యాయాన్ని ఇంగ్లీషు చదివేవాళ్లకు పరిచయం చేశాడు. రాజుకి గాలం వేయడానికి టైమ్ ఎక్కడిది అని అడక్కండి. ఆయన టైమ్ ఆయన చేతిలో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంగ్లండ్ సంగతి చూద్దాం. గాలం మీద ప్రపంచంలో అందరికంటే పేరున్న పుస్తకం రాసింది ఐజాక్ వాల్టన్. 1653లో అచ్చయింది. ఆయన ప్రభువూ కాదు, పండితుడూ కాదు. లండన్‌లో బట్టల వ్యాపారి. మన పత్తర్‌గట్టీలో దుకాణం పెట్టుకుని, గజాలు కొలిచి బట్ట అమ్మేవాళ్లను చూస్తారు కదా, అలాంటి మనిషే అనుకోండి. కానీ పుస్తకం వచ్చేసరికి ఆయనకు దాదాపు 60 ఏళ్లు. గల్లాపెట్టె ముందు కూర్చునే రోజులు అప్పటికే అయిపోయాయి.

ఇక మన వైపు బ్రిటిష్ కాలం. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంటే కోస్తా, రాయలసీమ, తమిళనాడు, దక్షిణ కెనరా, అన్నీ కలిపి. అక్కడ హెన్రీ సలివన్ థామస్ అనే సివిల్ సర్వీసు ఆఫీసర్ ఉండేవాడు. దక్షిణ కెనరా కలెక్టర్‌గా పనిచేశాడు. పేషా కలెక్టర్ గిరీ, షౌక్ గాలం. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. 1887లో ఇంకో పుస్తకం రాశాడు, దాని పేరు 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా'. ట్యాంక్ అంటే మన చెరువే. కలెక్టర్ ఉద్యోగం అంటే జిల్లా అంతా తిరగాలి, క్యాంపులు వేయాలి. క్యాంపు ఎక్కడ వేస్తారు? నీళ్లున్న చోట. పని మీద వెళ్లిన చోటే షౌక్ తీరేది. పైగా జీతం ఉంది, పెన్షన్ ఉంది, రాసుకోవడానికి కాగితం ఉంది.

అదే కాలంలో ఫ్రాన్సిస్ డే అని ఇంకొకాయన. మద్రాసు సైన్యంలో డాక్టర్‌గా చేరాడు. ఆయనది గాలం షౌక్ అనడం కంటే చేపల షౌక్ అనాలి. ఎక్కడ పోస్టింగ్ పడితే అక్కడి చేపల్ని సేకరించి, బొమ్మలు వేయించి, లెక్క రాశాడు. ఆ షౌక్ చివరికి ఆయన కెరీర్‌నే మార్చేసింది. డాక్టర్‌గా మొదలైనవాడు దేశం మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1875 నుంచి 1878 వరకు భాగాలుగా వచ్చిన 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' ఆయనదే. ఈరోజు మనం అంటాం కదా, ప్యాషన్‌నే ప్రొఫెషన్ చేసుకో అని. చేసుకున్నవాడు ఈయన.

ఇక్కడే అసలు విషయం ఉంది. థామస్, డే ఇద్దరూ గట్టిగా ఒకే మాట చెప్పారు. వాగుల్లో విషం కలిపి చేపల్ని చంపుతున్నారు, సన్న కన్నుల వలలతో పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తున్నారు, దీన్ని ఆపాలి అన్నారు. చివరికి 1897లో ఇండియన్ ఫిషరీస్ చట్టం వచ్చింది. విషంతో, పేలుడు పదార్థాలతో చేపలు చంపడం నేరమైంది. మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. నీళ్ల మీద రూల్స్ పెట్టమని అడిగినవాళ్లు ఎవరు? చేప దొరక్కపోయినా పస్తుండాల్సిన అవసరం లేనివాళ్లు. ఆ రూల్స్ ఎవరి మీద పడ్డాయి? ఆ చేప మీదే బతికేవాళ్ల మీద. అంటే గాలం వేసే మనిషి పేషా ఏంటి అనేది కాలక్షేపం ప్రశ్న కాదు. షౌక్ ఇద్దరికీ ఒకటే కావచ్చు. కానీ ఒకరి చేతిలో అధికారం ఉంటే ఆ షౌక్ చట్టం అవుతుంది. ఇంకొకరిది గట్టు మీదే మిగిలిపోతుంది.

ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది. మనది నిజాం రాజ్యం. ఇక్కడి కథ వేరు, దాన్ని అర్థం చేసుకోవాలంటే క్యాలెండర్ చూడాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తెల్లవాళ్లకు సెలవు ఆదివారం. నిజాం సర్కారు ఆఫీసులకు వారం సెలవు శుక్రవారం. ఇప్పటికీ సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు శుక్రవారమే, గమనించారా? ఒకే ఊరు, రెండు సెలవులు. అంటే కంటోన్మెంట్ సిపాయి ఖాళీగా ఉన్న రోజు మా గుమాస్తా ఫైళ్ల ముందు ఉంటాడు. గుమాస్తా నమాజు అయ్యాక, భోజనం అయ్యాక ఖాళీ అయ్యే రోజు సిపాయి పరేడ్‌లో ఉంటాడు. చెరువు దగ్గర ఎవరు ఎవరిని కలుస్తారో తేల్చింది చేపలు కాదు, ఉద్యోగాలు.

మరి ఆఫీసే లేనివాళ్లు? మా చుట్టుపక్కల ఎక్కువమంది వాళ్లే. లాడ్ బజార్‌కి లక్క గాజులు చేసేవాళ్లు, జర్దోసీ పనివాళ్లు, వెండి రేకు కొట్టి వరక్ చేసేవాళ్లు, పెళ్లిళ్లకు బ్యాండ్ వాయించేవాళ్లు. వీళ్లకు నెల జీతం లేదు. ఎంత పని చేస్తే అంత కూలి. వీళ్లకు సెలవు ఇచ్చేది సర్కారు కాదు, పెళ్లిళ్ల సీజన్. మొహర్రంలో ముస్లింల పెళ్లిళ్లు ఉండవు. ఆషాఢంలో హిందువుల పెళ్లిళ్లు ఉండవు. గాజులు ఆగుతాయి, జర్దోసీ ఆగుతుంది, బ్యాండ్ గోడకు వేలాడుతుంది. చేతులు ఖాళీ, జేబూ ఖాళీ. ఆషాఢం అంటే సరిగ్గా వానాకాలం. చెరువుల్లోకి కొత్తనీరు వస్తుంది, చేప ఎదురెక్కుతుంది. ఖర్చు లేని షౌక్ ఏదైనా ఉందంటే అప్పుడు గాలమే. వానపాము పెరట్లో దొరుకుతుంది, కొర్రమీను పడితే ఆ పూట కూర కూడా అవుతుంది. మా గల్లీ పెద్దవాళ్లలో నేను చూసిన గాలం షౌకీన్లు దాదాపు అందరూ ఇలా సీజన్ పనివాళ్లే. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. చాలా చేపలు గుడ్లు పెట్టేది ఆ వానల్లోనే. మనిషికి పని లేని కాలం, చేపకు ముఖ్యమైన కాలం, రెండూ ఒకటే అయ్యాయి.

ఇంకో మాట. ఈ కథలో ఆడవాళ్లు ఎక్కడ? లక్క గాజుల పనిలో వాళ్లున్నారు, ఇంట్లో కూర్చుని చేసే కూలిపనుల్లో వాళ్లున్నారు. కానీ పెళ్లిళ్లు ఆగినా వాళ్ల వంట ఆగదు, నీళ్లు మోయడం ఆగదు. ఖాళీ పూట లేనివాళ్లకు షౌక్ ఎక్కడ పుడుతుంది? పుట్టినా ఎవరు రాశారు?

సరే, వీళ్లంతా ఏ నీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు? దగ్గర్లో మూసీ ఉంది. నాలుగైదు కిలోమీటర్లలో మీర్ ఆలం చెరువు ఉంది. 19వ శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం పేరుతో కట్టింది. దాని ఆనకట్ట చూడండి, 21 అర్ధచంద్రాకారాల కమానులు. పాతబస్తీ ఒకప్పుడు తాగింది ఆ నీళ్లే. తర్వాత 1908 సెప్టెంబర్ 28న మూసీకి భయంకరమైన వరద వచ్చింది. ఊరు తుడిచిపెట్టుకుపోయింది. మళ్లీ అలా జరగకూడదని పైన రెండు రిజర్వాయర్లు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అంటాం. 1927లో హిమాయత్‌సాగర్. వరద భయం తగ్గింది, ఊరికి మంచినీళ్లు వచ్చాయి. కానీ తాగే నీళ్లు ఊరి బయట నుంచి రావడం మొదలయ్యాక, ఊళ్లో ఉన్న నీళ్లను ఎవరు పట్టించుకుంటారు? మూసీలోకి మురుగు వచ్చింది. మీర్ ఆలంలోకి మురుగు వచ్చింది, గుర్రపుడెక్క వచ్చింది.

మా షౌకీన్లకు దీని అర్థం ఏంటంటే, నడిచి వెళ్లే నీళ్లు పోయాయి, బండి మీద వెళ్లే నీళ్లు మిగిలాయి. గండిపేట వెళ్లాలంటే సుమారు 20 కిలోమీటర్లు. అప్పటి నుంచి గాలం షౌక్ ఎవరిది అంటే బండి ఉన్నవాడిది. ఆటో నడిపేవాడు, మెకానిక్, బైక్ ఉన్న దుకాణదారు. వరక్ కొట్టే ముసలాయన షౌక్ అక్కడితో ఆగిపోయింది. ఆయనకు గాలం మీద మనసు పోయి కాదు, నీళ్లు దూరమయ్యాయి.

ఇంకొకటి తెలుసుకోండి. ఈరోజు చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. పిల్ల చేపలు పోసి పెంచేది వాళ్లు. కాబట్టి సరదాకి వెళ్లేవాళ్లం అక్కడ అతిథులం. అడిగి వేయాలి గాలం. కలెక్టర్ థామస్‌లా ఆర్డర్ వేసే రోజులు కావివి, కాకపోవడమే న్యాయం.

షౌక్‌కీ, బతుకుదెరువుకీ ఉన్న ముడి ఎంత గట్టిదో చూడాలంటే కావేరి వైపు ఒక ఉదాహరణ. కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోర్ దగ్గర మహసీర్ చేపల కోసం క్యాంపులు నడిచేవి. దేశవిదేశాల నుంచి డాక్టర్లు, వ్యాపారులు, ఆఫీసర్లు సరదాకి వచ్చేవాళ్లు. పట్టిన చేపను బరువు తూచి మళ్లీ నీళ్లలో వదిలేవాళ్లు. వాళ్లకు దారి చూపే గైడ్లుగా అక్కడి ఊళ్లవాళ్లకే పని దొరికింది. వాళ్లలో ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత అభయారణ్యంలో గాలం వేయకూడదని ఆ క్యాంపుల్లో ఆపేశారు. డాక్టర్ గారికి ఒక సరదా పోయింది. గైడ్‌కి ఉద్యోగం పోయింది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఈ వీడియో చూస్తున్నవాళ్లలో డెలివరీ చేసే తమ్ముళ్లు ఉంటారు, క్యాబ్ నడిపేవాళ్లు ఉంటారు. మీకు ఆదివారం లేదు, శుక్రవారం లేదు, ఆషాఢం లేదు. బండి ఉంది, దూరం సమస్య కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగిన్ అవ్వొచ్చు, లాగౌట్ అవ్వొచ్చు అంటారు. మరి గట్టు మీద మూడు గంటలు కూర్చుంటే ఏమవుతుంది? ఆ మూడు గంటల ఆర్డర్లు పోయాయని ఫోనే లెక్క చెబుతుంది. గాజుల పని చేసే తాతకు కనీసం పెళ్లిళ్లు ఆగే కాలం ఉండేది. అప్పుడు అందరూ ఖాళీ, కాబట్టి ఖాళీగా కూర్చున్నందుకు సిగ్గు లేదు. మనకు ఖాళీ అంటే ఒక్కడికే నష్టం అనే భావన వచ్చేసింది. 12వ శతాబ్దపు రాజు టైమ్ ఆయన చేతిలో ఉందన్నాను కదా. మన టైమ్ మన చేతిలో ఉందని చెప్పి, దానికి మీటర్ పెట్టారు.

అందుకే గట్టు మీద కూర్చున్న మనిషిని పని లేనోడు అనకండి. ఆయన ఏ రోజు వచ్చాడు, ఏ చెరువుకి వచ్చాడు, దేని మీద వచ్చాడు అని చూడండి. ఆయన పని ఏంటో అక్కడే తెలిసిపోతుంది. రాజులు, కలెక్టర్లు, డాక్టర్లు తమ షౌక్ గురించి తామే రాసుకున్నారు. మన తాతలవి ఎవరూ రాయలేదు. ఫోన్ మన చేతిలో ఉంది కాబట్టి ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడిగి రికార్డ్ చేయండి: నీ పేషా ఏంటి, నీకు సెలవు ఎప్పుడు, ఆ సెలవులో నువ్వు ఎక్కడికి వెళ్లేవాడివి? నానమ్మ, అమ్మమ్మలను కూడా అడగండి. వాళ్లు "సెలవా?" అని నవ్వితే ఆ నవ్వు కూడా రికార్డ్ చేయండి. కామెంట్లలో మీ ఊరి పేరు, చెరువు పేరు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.