టంకశాల మూసిన ఖరీదు

1835 చట్టం ప్రకారం రూపాయి బరువు ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి. ఎవరు వెండి తెచ్చినా కాస్త రుసుము తీసుకుని టంకశాల రూపాయలు కొట్టి ఇచ్చేది. కాబట్టి వెండి ధర ఎటు పోతే రూపాయీ అటే. 1870లలో జర్మనీ బంగారు నాణేనికి మారి పాత వెండిని అమ్మకానికి పెట్టింది. నెవాడా గనుల వెండి అంగళ్లను ముంచెత్తింది. ఫ్రాన్సు, దాని కూటమి దేశాలు వెండి నాణేల ముద్రణ తగ్గించాయి. రెండు షిల్లింగులకు కొంచెం తక్కువగా పలికిన రూపాయి 1892-93 నాటికి షిల్లింగు మూడు పెన్నీలకు జారింది.

దీన్ని దేశానికంతటికీ వచ్చిన నష్టంగా చెప్పడం పరిపాటి. నిజానికి దెబ్బ గట్టిగా తగిలింది ఖజానాకు. శిస్తు వసూలయ్యేది రూపాయల్లో. లండన్‌లో పింఛన్లు, రైల్వే వడ్డీలు, ఇండియా ఆఫీసు ఖర్చులు కట్టాల్సింది పౌన్లలో. గోధుమలు, పత్తి ఎగుమతి చేసేవారికి మాత్రం పౌనుకు మునుపటికన్నా ఎక్కువ రూపాయలు ముట్టాయి. వెండితోనే బేరాలు సాగే చైనాలో బొంబాయి నూలు లాంకషైర్ నూలును వెనక్కి నెట్టింది.

నాణేల వ్యవహారం పరిశీలించిన హెర్షెల్ కమిటీ సలహాపై 1893 జూన్ 26న టంకశాలలు జనం తెచ్చే వెండికి తలుపులు మూశాయి. రూపాయల కొరత ఏర్పడి 1898కల్లా వాటి రేటు షిల్లింగు నాలుగు పెన్నీలకు చేరింది. వెండి ధర మాత్రం పడుతూనే పోయింది. రూపాయిలో ఉన్న వెండిని కరిగించి అమ్మితే దాదాపు పది అణాలే వచ్చే రోజులవి. రైతు ఇంట్లో పొదుపంటే వెండి కడియాలు, మురుగులు, మొలతాళ్లే. 1876-78 కరువులో అలాంటి నగలు బొంబాయి టంకశాలకు చేరి రూపాయలయ్యాయి. 1896-97 కరువు దత్తమండలాలను తాకినప్పుడు ఆ దారి లేదు. షావుకారు చెప్పిన ధరే ధర.

టంకశాలలు మూయకపోతే లండన్ బాకీ కోసం ప్రభుత్వం పన్నులు పెంచేది, అదీ రైతు మీదే పడేది కదా అంటారు. ఈ వాదనలో బలముంది. మారకం రేటు నిలకడగా ఉంటే విదేశీ పెట్టుబడికి ధైర్యం వస్తుందన్నదీ కాదనలేం. కానీ పన్ను పెంచితే బడ్జెట్‌లో కనిపించేది, కాంగ్రెస్ సభల్లో ప్రశ్నకు గురయ్యేది, ఆదాయపు పన్నుగా పట్టణ సంపన్నుల మీదికీ మళ్లేది. వెండి విలువకు మించి రూపాయిని పెంచడమంటే పన్నులు పెంచడమేనని దాదాభాయి నౌరోజీ 1898లో ఇదే విషయం పరిశీలించిన ఫౌలర్ కమిటీ ముందు గట్టిగా వాదించారు. కమిటీ ఆ వాదన ఒప్పుకోలేదు. బంగారు పౌను నాణెం సవరనుకు 15 రూపాయల రేటు 1899లో చట్టమైంది. లండన్ చెల్లింపులు కుదుటపడ్డాయి. అందుకు రైతు నగలు ఎంత విలువ కోల్పోయాయో ఏ బడ్జెట్ పద్దులోనూ చేరలేదు.