అంగడి ప్రారంభోత్సవ ఆహ్వానం

కొత్త అంగడి తెరిచేవారికి సరుకు ఎంత ముఖ్యమో, ఆహ్వాన పత్రికా అంతే ముఖ్యం. ఈ పత్రికకు మూలం మన పెళ్లి శుభలేఖే. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు; కింద సంవత్సరం పేరు, మాసం, తిథి, నక్షత్రం, లగ్నం; నాలుగు మూలలా పసుపు. వధూవరుల పేర్లుండే చోట అంగడి పేరు చేరింది.

కంప్యూటర్లు రాకముందు ఇవి ట్రెడిల్ యంత్రం మీద అచ్చయ్యేవి. కంపోజిటరు సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. గుణింతాలు, వత్తులు కలుపుకుంటే తెలుగుకు వందల కొద్దీ అచ్చులు కావాలి. గిరాకీ లేనిదే ఏ ప్రెస్సువారూ అంత సరంజామా ఉంచుకోరు.

ఇంతలో రాష్ట్రాల హద్దులు మారాయి. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఒరిస్సాలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి రాగా, బళ్లారి పట్నం మైసూరుకు వెళ్లింది. కచేరీ భాష, బడి భాష వేరయ్యాయి. ఇంటి భాష మాత్రం తెలుగుగానే నిలిచింది.

వర్తకుడికి అన్ని భాషలవారూ కావాలి. కనుక పత్రికకు ఒకవైపు కన్నడమో, ఒడియానో, తమిళమో ఉండవలసిందే. రెండోవైపు తెలుగు ఉంటే బంధువుల ఇళ్లలో పెద్దలు చదువుకుంటారు. తెలుగు బడి లేని ఊళ్లో పిల్లల కంటబడే తెలుగు అచ్చు అదొక్కటే కావచ్చు. అందుచేత పత్రిక అచ్చుకు వెళ్లేముందు ఆ పిల్లల చేతనే ఒకసారి చదివించండి. తప్పులూ దొరుకుతాయి, అక్షరాలూ పట్టుబడతాయి.